టచ్ డ్రైవర్ వల్ల బూట్ లేటవుతోంది: ప్రోబ్‌ను అసింక్ చేయాలా, వద్దా?

నంద్యాల_నాని | సోమవారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. కిరాణా షాపులకు బిల్లింగ్ మెషిన్లు చేస్తాం, లోపల లినక్స్. కరెంటు పోయి వచ్చాక మెషిన్ లేవడానికి చాలాసేపు పడుతోందని షాపువాళ్ల కంప్లయింట్. కనీసం ఒక సెకను తగ్గించమని మా మేనేజర్ గారు నాకు అప్పగించారు.

బూట్‌లో ఏ డ్రైవర్ ఎంతసేపు తీసుకుందో చూపే ఇనిట్‌కాల్ డీబగ్ పెట్టి చూశాను. కెర్నెల్ (లినక్స్ మూల భాగం) మొదలైనప్పటి నుంచి ఇనిట్‌కి, అంటే అది నడిపే మొదటి ప్రోగ్రామ్‌కి, చేరేదాకా 2.41 సెకన్లు. అందులో టచ్ డ్రైవర్ ఒక్కటే 640 మిల్లీసెకన్లు తింటోంది, కీప్యాడ్ డ్రైవర్ 310. రెండు చిప్‌లూ ఐటూసీ అనే బస్సు (చిప్‌లు మాట్లాడుకునే తీగల దారి) మీద ఉన్నాయి. రెండు డ్రైవర్లూ కెర్నెల్‌లోనే బిల్డ్ అయ్యాయి, విడిగా లోడయ్యే మాడ్యూల్స్ కావు. టచ్ చిప్‌కి రీసెట్ లైన్ వదిలాక 200 మిల్లీసెకన్లు ఆగాలని డేటాషీట్‌లో ఉంది. డ్రైవర్ ఎందుకో రెండుసార్లు రీసెట్ చేస్తోంది. మిగతా టైమ్ ఫర్మ్‌వేర్ వెర్షన్, కాన్ఫిగరేషన్ చదవడానికి పోతోంది.

ప్రోబ్ అంటే డ్రైవర్ తన చిప్‌ని పలకరించి సిద్ధం చేసే పని. దాన్ని అసింక్‌గా, అంటే మిగతా డ్రైవర్లను ఆపకుండా పక్కన, నడపడానికి డ్రైవర్‌లో ప్రోబ్ టైప్ 'ప్రిఫర్ అసింక్రోనస్' అని ఒక్క లైన్ పెడితే చాలని ఒక సీనియర్ చెప్పారు. ఇంకో సీనియర్ 'ఇన్‌పుట్ డ్రైవర్ల జోలికి పోవద్దు' అన్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. శుక్రవారం డెమో, టెన్షన్‌గా ఉంది.

బూట్‌లోడర్_బాబాయ్ | సోమవారం రాత్రి 11:15

నానీ, రెండో సీనియర్ మాట విను. ముందు ఒకటి చూడు. ఆ 200 మిల్లీసెకన్లు ఆగడానికి డ్రైవర్ ఎండిలే వాడుతోందా, ఎంస్లీప్ వాడుతోందా? ఎండిలే అయితే సీపీయూ అక్కడే గింగిరాలు కొడుతుంది, అది పక్కా తప్పు, మార్చెయ్. ఎంస్లీప్ అయితే సీపీయూ ఖాళీగానే ఉంటుంది, కెర్నెల్ దాన్ని ఇంకో పనికి ఇస్తుంది. అప్పుడు ఆ ఆలస్యం గురించి భయపడాల్సిన పని లేదు.

చిప్ తయారుచేసినవాడు 200 ఆగమంటే ఆగాల్సిందే. అసింక్ చేస్తే పరికరాలు వచ్చే వరుస మారుతుంది. ఆ వరుస మీద ఎవరెవరు ఆధారపడ్డారో నీకు తెలియదు, నాకూ తెలియదు. బయటపడేది కస్టమర్ దగ్గర.

వాణి_బెళ్ళందూరు | సోమవారం రాత్రి 11:52

బాబాయ్ గారూ, ఎంస్లీప్‌లో సీపీయూ ఖాళీ అన్నది నిజమే. కానీ ఆ ఖాళీ సీపీయూకి ఇవ్వడానికి బూట్ టైమ్‌లో ఇంకో పని ఏది? ఇనిట్‌కాల్స్, అంటే డ్రైవర్లను మొదలుపెట్టే ఫంక్షన్లు, అన్నీ ఒకే థ్రెడ్‌లో (ఒకే పనివరుసలో) ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. టచ్ ప్రోబ్ నిద్రపోతే ఆ థ్రెడ్ నిద్రపోతుంది, దాని వెనకున్న డ్రైవర్లన్నీ ఆగిపోతాయి. నాలుగు కోర్లూ చేతులు కట్టుకుని నిలబడతాయి.

మన దర్శిని హోటల్ చూడండి. కౌంటర్‌లో డబ్బు కట్టి కూపన్ తీసుకుని పక్కకు జరుగుతాం. దోశ కాలేలోపు వెనకున్న పదిమందీ కూపన్లు తీసేసుకుంటారు. దోశ చేతికి వచ్చేదాకా కౌంటర్ దగ్గరే నిలబడతానంటే క్యూ రోడ్డు మీదకి వస్తుంది. వరుస ప్రోబ్ అంటే అదే. అసింక్ అంటే కూపన్ తీసుకుని పక్కకు జరగడం.

ఇది కొత్త ప్రయోగం కూడా కాదు. అసింక్ యంత్రాంగం కెర్నెల్‌లోకి 2009లో, 2.6.29 వెర్షన్‌తో వచ్చింది. డ్రైవర్ తనంతట తాను 'నన్ను పక్కన ప్రోబ్ చెయ్యి' అని చెప్పే ఏర్పాటు 2015లో, 4.2తో వచ్చింది. దాన్ని తెచ్చినవాళ్లలో ముఖ్యుడు దిమిత్రి తొరొఖోవ్, ఇన్‌పుట్ విభాగం మెయింటైనర్. అంటే ఈ బాధ మొదట పడింది ఇన్‌పుట్ వాళ్లే. ఎలాన్ టచ్‌ప్యాడ్ ఐటూసీ డ్రైవర్ తెరిచి చూడండి, ఆ లైన్ అందులో ఉంది.

కోరమంగళ_కిట్టు | మంగళవారం ఉదయం 8:05

ఇదే చోట అడగొచ్చా? నా ల్యాప్‌టాప్ డిస్క్ లక్స్‌తో ఎన్‌క్రిప్ట్ చేశాను. పాస్‌వర్డ్ అడిగే దగ్గర కీబోర్డ్ పనిచేయట్లేదు. ఇదీ లేట్ ప్రోబ్ వల్లేనా?

రాత్రిపూట_రవి | మంగళవారం ఉదయం 8:20

కిట్టూ, నీది లేట్ కాదు, అసలు డ్రైవరే లేదు. డిస్క్ తెరుచుకోకముందు మెమరీలో ఉండే చిన్న ఫైల్ సిస్టమ్, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో, కీబోర్డ్ మాడ్యూల్, అది ఏ బస్సు మీద ఉందో ఆ బస్సు మాడ్యూల్, రెండూ పడాలి. ఫోరమ్‌లో వేరే థ్రెడ్ పెట్టు, చెప్తాను.

బూట్‌లోడర్_బాబాయ్ | మంగళవారం ఉదయం 9:30

వాణమ్మా, దోశ ఉదాహరణ బాగుంది. కానీ ఎంస్లీప్‌లో సీపీయూ ఖాళీగా ఉంటుందని నేనన్నది తప్పా? తప్పయితే తప్పని చెప్పు.

వాణి_బెళ్ళందూరు | మంగళవారం ఉదయం 9:41

తప్పు కాదు. కానీ ప్రశ్న అది కాదు.

బూట్‌లోడర్_బాబాయ్ | మంగళవారం ఉదయం 9:48

నేను చెప్పింది అదే కదా. సీపీయూ ఖాళీ.

హోసూరురోడ్డు_సీత | మంగళవారం ఉదయం 10:10

ఇద్దరూ రైటే. సీపీయూ ఖాళీ, క్యూ మాత్రం కదలదు. ముందుకు వెళ్దాం.

పాత_పీఎస్2 | మంగళవారం ఉదయం 10:32

మా గోడౌన్‌లో ఇంకా పీఎస్/2 (యూఎస్‌బీకి ముందటి కనెక్టర్) కీబోర్డులే ఉన్నాయి. అక్కడైతే పీఎస్‌మౌస్ డ్రైవర్ మౌస్ ఏ కంపెనీదో కనుక్కోవడానికి ఒక్కో ప్రోటోకాల్ వరసగా ప్రయత్నిస్తుంది, సినాప్టిక్స్, ఆల్ప్స్ అంటూ. మామూలు మౌస్ అయితే కెర్నెల్ కమాండ్ లైన్‌లో పీఎస్‌మౌస్ ప్రోటో విలువ 'బేర్' అని పెడితే ఆ వెతుకులాట ఉండదు. అసలు మౌసే లేకపోతే పీఎస్/2 కంట్రోలర్ డ్రైవర్ ఐ8042కి 'నోఆక్స్' పెట్టుకోవచ్చు. నాని గారికి పనికిరాకపోవచ్చు, ఇంకెవరికైనా పనికొస్తుందని రాశాను.

బూట్‌లోడర్_బాబాయ్ | మంగళవారం మధ్యాహ్నం 1:20

సరే, అసలు నాకెందుకు భయమో రాస్తాను. కొన్నేళ్ల క్రితం ఒక పెద్ద ఆసుపత్రికి రిజిస్ట్రేషన్ కియోస్క్ చేశాం. ఒకే పెట్టెకు రెండు టచ్‌లు, రోగి వైపు ఒకటి, సిబ్బంది వైపు ఒకటి. అప్లికేషన్ వేరే టీమ్ రాసింది. ఇన్‌పుట్ పరికరాలకు అవి వచ్చిన వరుసలో కెర్నెల్ ఈవెంట్ నంబర్లు ఇస్తుంది కదా, వాళ్లు ఈవెంట్1 అంటే రోగి, ఈవెంట్2 అంటే సిబ్బంది అని నేరుగా రాసేసుకున్నారు. మా టీమ్‌లో ఒక కుర్రాడు బూట్ టైమ్ తగ్గించాలని రెండు టచ్‌లనీ అసింక్ చేశాడు. ల్యాబ్‌లో బాగుంది. అక్కడికి వెళ్లాక ఏ ఇరవై బూట్లకో ఒకసారి నంబర్లు తారుమారయ్యేవి. రోగి తన పేరు కోసం ఇటు నొక్కితే అటు సిబ్బంది స్క్రీన్‌లో ఇంకొకరి ఫారం ఓకే అయ్యేది.

మూడు రాత్రులు అక్కడే ఉన్నాం. చివరికి తప్పు డ్రైవర్ వాళ్లదని తేల్చారు. ఆ కుర్రాడి రేటింగ్ కోశారు, ఆరు నెలలకు మానేసి ఊరెళ్లిపోయాడు. అప్లికేషన్ టీమ్‌ని ఒక్క మాట అన్నవాళ్లు లేరు. నాని పోస్టు చదివితే నాకు ఆ పిల్లవాడే గుర్తొచ్చాడు.

వాణి_బెళ్ళందూరు | మంగళవారం మధ్యాహ్నం 2:05

ఆ అబ్బాయికి జరిగింది అన్యాయమే. కానీ తప్పు అసింక్‌ది కాదు. ఈవెంట్ నంబర్ మారదని కెర్నెల్ ఎప్పుడూ మాట ఇవ్వలేదు. పరికరాలకు పేర్లు పెట్టే ప్రోగ్రామ్ యూడెవ్ ఇచ్చే బై-పాత్ లింకులు ఉన్నది అందుకే. పరికరం ఏ బస్సులో ఏ అడ్రస్‌లో ఉందో దాన్నిబట్టి పేరు వస్తుంది, ముందొచ్చినా వెనకొచ్చినా ఆ పేరు మారదు. యూఎస్‌బీ టచ్ అయితే మీ పాత కెర్నెల్‌లోనే ఏదో ఒక రోజు ఇది జరిగి ఉండేది.

ఇంకో విషయం. అసింక్ చేస్తే టచ్ రాకముందే అప్లికేషన్ లేచిపోతుందని చాలామంది అనుకుంటారు. బిల్ట్-ఇన్ డ్రైవర్ల విషయంలో అలా జరగదు. ఇనిట్‌ను మొదలుపెట్టే ముందు కెర్నెల్ అసింక్ పనులన్నీ పూర్తయ్యేదాకా ఆగుతుంది. మాడ్యూల్స్‌లోనూ, అసింక్ ప్రోబ్ అని విడిగా అడిగితే తప్ప, వాటిని లోడ్ చేసే మోడ్‌ప్రోబ్ ఆగుతుంది. చిప్‌కి పవర్ ఇచ్చే రెగ్యులేటర్ లాంటిది ఇంకా రాలేదని ప్రోబ్ డిఫర్ అయితే, అంటే తర్వాతకు వాయిదా పడితే, అది వేరే సంగతి. కాబట్టి నాని గారికి పోయేది నంబర్ల వరుస ఒక్కటే. దానికి మందు ఉంది.

బూట్‌లోడర్_బాబాయ్ | మంగళవారం మధ్యాహ్నం 2:30

మందు ఉందని నాకు అప్పుడే తెలుసు. ఆ అప్లికేషన్ సోర్స్ మా చేతిలో లేదు. రాసినవాళ్లు మా మెయిల్‌కి జవాబివ్వలేదు. నువ్వు పుస్తకంలో ఉన్నది చెబుతున్నావు అమ్మాయ్, ఫీల్డ్‌లో అలా ఉండదు.

వాణి_బెళ్ళందూరు | మంగళవారం మధ్యాహ్నం 2:44

నన్ను అమ్మాయ్ అని పిలిచి మాట దాటేయకండి. 11 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఫీల్డ్ నాకూ తెలుసు.

నేను చేసేది కార్ల స్క్రీన్లు. ఒకసారి ఒక బ్యాచ్‌లో టచ్ చిప్ కొన్ని యూనిట్లలో పలకలేదు. డ్రైవర్ వరుస ప్రోబ్‌లో ఉంది. ఐటూసీ టైమవుట్, మళ్లీ ప్రయత్నం, మళ్లీ టైమవుట్, ఇలా మూడు సెకన్లు పోయాయి. దాని వెనక క్యూలో రివర్స్ కెమెరా ఉంది. అమెరికాలో అమ్మే కొత్త కార్లకు 2018 మే నుంచి రూల్ ఉంది, రివర్స్ గేర్ వేసి వెనక్కి కదిలే సందర్భం మొదలైన 2 సెకన్లలో వెనక దృశ్యం తెర మీద ఉండాలి. కారు వెనక పసిపిల్లలు నలిగిపోతున్నారని పెట్టిన రూల్ అది. ఒక చెడిపోయిన టచ్ చిప్ కోసం ఆ కెమెరాను ఆపింది ఎవరు? 'వరుస మార్చొద్దు' అన్న మనలాంటి సీనియర్లే. రాత్రి పదకొండుకు ఫోన్ చేసి నన్ను నిలదీశారు. అందుకే ఈ విషయంలో నేను తగ్గలేను.

రాత్రిపూట_రవి | మంగళవారం మధ్యాహ్నం 3:02

మేడమ్, బాబాయ్ గారూ, ఇద్దరూ పెద్దవాళ్లు. పాపం నాని భయపడతాడు.

బూట్‌లోడర్_బాబాయ్ | మంగళవారం సాయంత్రం 6:15

వాణి గారూ, ఆ పిలుపు తప్పే, క్షమించండి. మా ఇంట్లో మీ వయసు అమ్మాయి ఉంది, అలవాటుగా వచ్చేసింది.

మీ కెమెరా విషయం చదివాక మళ్లీ ఆలోచించాను. అక్కడ మీరన్నదే కరెక్ట్. కానీ ఒక్కటి అడుగుతాను. మీ కార్లలో టచ్ పని ఇనిట్ మొదలయ్యేలోపు పూర్తవుతుందా, దాన్ని ఇంకా వెనక్కి నెట్టేశారా?

వాణి_బెళ్ళందూరు | మంగళవారం సాయంత్రం 6:31

వెనక్కి నెట్టాం. ప్రోబ్‌లో రీసెట్ వదిలి, ఆ క్షణం టైమ్ గుర్తు పెట్టుకుంటాం. మిగతా పని వర్క్‌క్యూలో, అంటే కెర్నెల్ వెనక నడిపే పనుల క్యూలో, జరుగుతుంది. దాని కోసం కెర్నెల్ ఆగదు. కెమెరా ముందు వస్తుంది, టచ్ ఆ తర్వాత ఎప్పుడో వస్తుంది.

బూట్‌లోడర్_బాబాయ్ | మంగళవారం సాయంత్రం 7:10

ఇదే, ఇక్కడే నేను ఒప్పుకోలేను. పొద్దుటి నుంచి ఎంస్లీప్ అనీ ఈవెంట్ నంబర్లనీ వాదించాను గానీ నా అసలు బాధ ఇదీ.

తెర మీద బిల్లు పేజీ కనబడిందంటే షాపు ఆయనకు మనం మాట ఇచ్చినట్టే. వేలు పెడితే పలకాలి. పలకకపోతే ఆయన ఇంకోసారి నొక్కుతాడు, గట్టిగా నొక్కుతాడు, చివరికి ప్లగ్ పీకుతాడు. నేను కళ్లారా చూశాను. టచ్ పోయిందని ప్యానెళ్లు వాపసు వస్తే, విప్పి చూస్తే ఏ లోపమూ ఉండదు. స్క్రీన్ మూడో సెకనులో వచ్చి టచ్ ఆరో సెకనులో రావడం కన్నా, రెండూ కలిసి ఐదో సెకనులో రావడం మేలు.

2008లో ఆర్జన్ వాన్ డి వెన్, ఆకె కాక్ అనే ఇద్దరు ఇంటెల్ ఇంజినీర్లు ఒక చిన్న ఏసుస్ ఈపీసీని 5 సెకన్లలో బూట్ చేసి చూపించారు, గుర్తుందా? కెర్నెల్‌కి ఒక సెకను, డెస్క్‌టాప్‌కి రెండు అని ముందే వాటాలు వేసుకున్నారు. కానీ వాళ్లు మొదట తేల్చింది 'బూట్ అయిపోయింది' అంటే ఏమిటన్నది. తెర కనబడటం కాదు, సీపీయూ, డిస్క్ రెండూ శాంతించాలి. వెనక పని దాచి ముందు బొమ్మ చూపించడాన్ని వాళ్లు లెక్కలోకి తీసుకోలేదు. నాని గారి మేనేజర్ కొలిచేది ఎక్కడిదాకా? హోమ్ స్క్రీన్ దాకానా, మొదటి వేలికి జవాబు వచ్చేదాకానా?

నంద్యాల_నాని | మంగళవారం సాయంత్రం 7:25

హోమ్ స్క్రీన్ దాకానే సార్. స్టాప్‌వాచ్ పట్టుకుని చూస్తారు.

వాణి_బెళ్ళందూరు | మంగళవారం రాత్రి 9:40

బాబాయ్ గారూ, ఇప్పుడు అర్థమైంది. మీరు చూసేది టచ్ మీదే బతికే మెషిన్. టచ్ లేకపోయినా పని జరగాల్సిన స్క్రీన్లు నావి. బిల్లింగ్ మెషిన్‌లో టచ్ లేని హోమ్ స్క్రీన్ చూపిస్తే షాపు ఆయనను మోసం చేసినట్టే, ఒప్పుకుంటాను. నాని గారూ, స్టాప్‌వాచ్ మొదటి టచ్‌కి ఆపమని మీ మేనేజర్‌కి చెప్పండి. చెప్పడం కష్టమైతే ఈ థ్రెడ్ చూపించండి.

కానీ ఏది ముందు రావాలో నిర్ణయించాల్సింది డ్రైవర్ కాదు. ఒకే చిప్ కారులోకీ వెళ్తుంది, బిల్లింగ్ మెషిన్‌లోకీ వెళ్తుంది. డ్రైవర్ దారి వదలాలి. టచ్ వచ్చాకే అప్లికేషన్ లేవాలంటే ప్రోగ్రామ్‌లను మొదలుపెట్టే సిస్టమ్‌డీలో ఆ డివైస్ యూనిట్ మీద ఆధారపడమని ప్రొడక్ట్ వాళ్లు రాసుకోవాలి. రెండు లైన్ల పని.

బూట్‌లోడర్_బాబాయ్ | మంగళవారం రాత్రి 10:05

రాసుకోవాలి, నిజమే. రాయరు. నా సర్వీసులో ఆ రెండు లైన్లు అడగకుండా రాసిన అప్లికేషన్ టీమ్‌ని చూడలేదు. వాళ్లు రాయనప్పుడు అందరికన్నా చివర కాపలా ఉన్నది డ్రైవరే. ఆ కాపలా తీసేస్తే నింద మాత్రం మళ్లీ డ్రైవర్ మీదకే వస్తుంది.

వాణి_బెళ్ళందూరు | మంగళవారం రాత్రి 10:12

నింద వస్తుందని తప్పు చోట తాళం వేయలేం. ఈ ఒక్కదాంట్లో మనకు కుదరదు. నాని గారికి పనికొచ్చేది చూద్దాం.

హోసూరురోడ్డు_సీత | మంగళవారం రాత్రి 10:30

నాని గారికి వర్క్‌క్యూ వద్దు, ప్రోబ్ అసింక్ చేస్తే చాలు అంటాను. ఇనిట్ ముందు కెర్నెల్ ఎలాగూ ఆగుతుంది కాబట్టి బాబాయ్ గారి మాటా నిలబడుతుంది. బోర్డు హార్డ్‌వేర్ వివరాలుండే డివైస్ ట్రీ కూడా ఓసారి చూడండి. ఫిక్స్‌డ్ రెగ్యులేటర్‌కి స్టార్టప్ డిలే అని ఒక విలువ ఉంటుంది, మైక్రోసెకన్లలో. పాత బోర్డు నుంచి కాపీ చేసుకున్న పెద్ద అంకె అందులో ఉండిపోవడం నేను చూశాను.

నంద్యాల_నాని | బుధవారం రాత్రి 8:50

చేసి చూశాను. రెండు డ్రైవర్లనీ అసింక్ చేశాక 2.41 సెకన్లు కాస్తా 1.60 అయింది. 950 పూర్తిగా తగ్గుతుందనుకున్నాను, 810 తగ్గింది. కెర్నెల్ లాగ్ డీమెసేజ్ చూస్తే అర్థమైంది, టచ్ మొదలయ్యాక మిగతా డ్రైవర్ల పని 500 మిల్లీసెకన్లే ఉంది. టచ్‌కి 640 కావాలి. చివర్లో 140 దాని కోసం అందరూ ఆగుతున్నారు. అప్లికేషన్‌లో ఈవెంట్ నంబర్ తీసేయించి బై-పాత్ పెట్టించాను. ఆ టీమ్‌లో అక్క మంచివారు, గంటలో మార్చి ఇచ్చారు. రెగ్యులేటర్ డిలే సరిగ్గానే ఉంది, సీత గారూ.

ఆ 140 కూడా పోవాలంటే రెండో రీసెట్ తీసేయొచ్చా?

బూట్‌లోడర్_బాబాయ్ | బుధవారం రాత్రి 9:35

మంచి పని చేశావు నానీ. ఆ అక్కకి నా నమస్కారం చెప్పు, ఇలాంటివాళ్లూ ఉన్నారన్నమాట.

రెండో రీసెట్ ఎందుకుందో తెలుసుకోకుండా తీయకు. కొన్ని టచ్ చిప్‌లకు, గూడిక్స్ కంపెనీ వాటికి మరీ, రీసెట్ అప్పుడు ఇంటరప్ట్ లైన్ వోల్టేజ్ పైన ఉందా కింద ఉందా అన్నదాన్ని బట్టి ఐటూసీ అడ్రస్ నిర్ణయమవుతుంది. మీ చిప్‌లో అలాంటిదేదో ఉందేమో డేటాషీట్‌లో చూడు. అది కాకపోతే, రీసెట్ లైన్‌ను, కెర్నెల్‌ని లోడ్ చేసే బూట్‌లోడర్‌లోనే ముందుగా వదిలేయించొచ్చు. కెర్నెల్ లోడయ్యేలోపే 200 గడిచిపోతుంది. కానీ పక్కాగా టెస్ట్ చెయ్యి. ప్లగ్ పీకి రెండు సెకన్లలో మళ్లీ పెట్టు, యాభై సార్లు. వాన మొదలైతే ఈ ఊళ్లో కరెంటు అలాగే వచ్చిపోతుంటుంది. పవర్ లైన్ మీద వోల్టేజ్ పూర్తిగా దిగకముందే మళ్లీ పవర్ వస్తే చిప్ సగం స్పృహలో ఉంటుంది. ఆ రెండో రీసెట్ దానికోసం పెట్టిందే కావచ్చు.

వాణి_బెళ్ళందూరు | బుధవారం రాత్రి 9:50

ఈ మాటకు వందకు వంద. టచ్, తెర ప్యానెల్ ఒకే పవర్ లైన్ మీద ఉన్నాయేమో కూడా స్కీమాటిక్‌లో చూడండి. అలాంటి బోర్డుల కోసమే 2023లో 6.6 కెర్నెల్‌కి ప్యానెల్ ఫాలోయర్ అని వచ్చింది, ప్యానెల్ పవర్ అయ్యాకే టచ్ లేస్తుంది.

నంద్యాల_నాని | గురువారం రాత్రి 11:20

రెండో రీసెట్ తీసేస్తే 1.46. అడ్రస్ గొడవ మా చిప్‌కి లేదు, డేటాషీట్ రెండుసార్లు చదివాను. పవర్ లైన్లు కూడా వేరువేరు. బాబాయ్ గారు చెప్పినట్టు యాభై సార్లు పీకి పెట్టాను, చేతులు నొప్పి పుట్టాయి. 48 సార్లు బాగుంది. రెండుసార్లు టచ్ అసలు రాలేదు, ఫర్మ్‌వేర్ వెర్షన్ సున్నా అని చదివింది. రీసెట్ తిరిగి పెట్టి ఇంకో యాభై చేశాను, ఒక్కసారీ పోలేదు. రేపు డెమోకి 1.60 తోనే వెళ్తున్నాను. స్టాప్‌వాచ్ సంగతి మేనేజర్ గారికి చెప్పాను, మొదటి బిల్లు ఐటమ్ నొక్కేదాకా కొలుద్దామన్నారు.

బూట్‌లోడర్_బాబాయ్ | గురువారం రాత్రి 11:31

ఆ రెండుసార్ల లాగ్ ఇక్కడ పెట్టు. వెర్షన్ సున్నా వచ్చినప్పుడు మాత్రమే రెండో రీసెట్ చేసేలా మార్చొచ్చేమో, రాత్రి చూస్తాను.